నీటికి దారి మూసి కొండను తిడితే ఎలా?

వాన మొదలైతే చాలు, ఇప్పుడు ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారే మొత్తుకుంటాయి, భారీ వర్షం, జాగ్రత్త అని. సంతోషం. మరి జాగ్రత్తపడేదెవరు? ఆ మెసేజ్‌ని ఇంకో గ్రూపులోకి తోసేసి ముసుగుతన్నడమేగా!

మా రోజుల్లో కొత్తవలస-కిరండూల్ రైలు లైను మీద ముసురు పట్టిందంటే గ్యాంగ్‌మన్‌కి నిద్రుండేది కాదు. అనంతగిరి కొండల్లో, పట్టాల కోసం కొండను కోసిన కట్టింగుల వెంట లాంతరు పట్టుకుని తిరిగేవాళ్లం. వాన ఎన్ని మిల్లీమీటర్లో మాకు తెలీదు. ఎన్నాళ్లుగా పడుతోందో తెలుసు. ఎండిన కొండ ఒక కుండపోతను తాగి ఊరుకుంటుంది. వారం ముసురుకి నానిన కొండ మీద అదే వాన పడితే ఇంకడానికి చోటేదీ? రేణువుల సందుల్లో నిండిన నీళ్లు మట్టిని ఎడంగా నెడతాయి. పట్టు సడలుతుంది, బరువు పెరుగుతుంది. ఇంక నిలబడమంటే ఎలా నిలబడుతుంది?

అసలే మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ రాయి. చూడ్డానికి బండే గానీ, ఎండకీ వానకీ లోలోపలే పుచ్చి ఎర్రమట్టి, తెల్లటి జిగటమట్టి అయిపోతుంది. పైనుంచి ఇంకిన నీళ్లు అడుగున గట్టిరాయి తగిలాక ఆ హద్దు వెంటే పారతాయి. జారేదీ అక్కడే. ఇసుకమట్టి నీటిని తొందరగా వదిలేస్తుంది. జిగటమట్టి పీనాసి, తాగింది ఓ పట్టాన కక్కదు. అందుకే వాన వెలిసినా ఆ వాలు కిందకి పోవద్దని మా గ్యాంగు పెద్ద, మేట్, కసిరేవాడు.

మా పనంతా నీటిని బయటికి పంపడమే. వానలు రాకముందే కట్టింగు పైనున్న కాలువలో పూడిక తీయాలి, కొండను ఆపే గోడ తూముల్లో చెత్త లాగాలి. నేల నెర్రెలిచ్చినా, చెట్టు ఒరిగినా, ఊటనీరు బురదగా వచ్చినా స్టేషనుకి పరుగున కబురు. అప్పుడు చరియలు పడలేదని కాదు. పడ్డాయి, బళ్లు ఆగాయి. కానీ వాటిని మేం పిలిచి తెచ్చుకోలేదు.

ఇప్పుడో? జేసీబీతో కొండ పాదాన్ని నిట్టనిలువుగా కోసేస్తారు. పైన చెట్లు కొట్టి రిసార్టు కడతారు. వాడకం నీళ్లన్నీ కొండలోకే. అడ్డంగా కాంక్రీటు గోడ లేపి ఒక్క తూమూ పెట్టరు, అందం చెడుతుందట! వెనక నీళ్లు నిండి గోడ కూలితే మాత్రం ప్రకృతి వైపరీత్యం.

చరియలన్నీ మనిషి చేతివే అనను. 2024 జులై 30న కేరళలోని వయనాడ్‌లో చరియ మొదలైంది జనం లేని ఎత్తు కొండలో. ప్రాణాలు పోయింది కింద ఏటి ఒడ్డున. నెల తిరిగేసరికి, ఆగస్టు 31న, విజయవాడ మొగల్రాజపురంలో ఇళ్ల మీదే బండలు పడ్డాయి. రెండుచోట్లా జోరువానే.

వానను ఆపడం ఎవడి తరమూ కాదు. కొండవాలున ఇల్లున్న బాబులూ, తొలకరికి ముందే కాలువలూ తూములూ చూసుకోండి. ఇంటిపైన నేల నెర్రె విచ్చిందా, సామాన్లు సర్దుతూ కూర్చోకండి. పిల్లల్ని పట్టుకుని ముందు దిగిపోండి.