వానొచ్చిందా, మలుపొచ్చిందా?

మే నెల మిట్టమధ్యాహ్నం మాధవరం రోడ్డు మీద ఖరీదైన కారొకటి వైపర్లు ఆడిస్తూ పోతుంటే, వాన అనుకుని మిద్దె మీది వడియాలు ఎత్తేసుకోకండి. ఆ కారు ఆదోని వైపు తిరుగుతోంది, అంతే. యూరప్ కంపెనీ బండి గదా, ఇండికేటర్ మీట ఎడమ చేతికిచ్చారు. మారుతి తోలిన చెయ్యి అలవాటు కొద్దీ కుడి మీట, అంటే వైపర్ల మీట, నొక్కుతుంది.

మన కోసం స్టీరింగ్ కుడికి మార్చారు, తక్కిన కాపురం ఎడమనే వదిలేశారు. కొన్నిట్లో బానెట్ మీట పక్కసీటాయన కాళ్ల దగ్గరుంటుంది. ఇంకొన్నిట్లో వైపరు తుడవని మూల సరిగ్గా డ్రైవరు కంటికెదురు.

బ్రిటన్‌లో 2011లో సిట్రొయెన్ సీ3 పికాసో కథ ఇంకా ఘనం. బ్రేకు పెడల్ కుడికి వచ్చింది గానీ దాని యంత్రాంగం ఎడమనే ఉండిపోయింది. రెంటినీ కలిపే కడ్డీ పక్కసీటు ముందుగా పోయింది. అక్కడ కూర్చున్నాయన కాలితో గట్టిగా తొక్కితే బ్రేకు పడేది! పాపం, కంపెనీ బండ్లు వెనక్కి పిలిచి సరిచేసింది. పక్కసీట్లో 'మెల్లగా, మెల్లగా' అంటూ ఉత్త నేల తొక్కే మన మామలకు అమ్మి ఉంటే ఎగబడి కొనేవాళ్లు.

పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు చేస్తున్న కియా వాళ్లదీ ఎడమ స్టీరింగ్ దేశమే. వాళ్లు మాత్రం ఇక్కడి చేతి అలవాటు చూసుకుని ఇండికేటర్ కుడికే పెట్టారు. అంటే కుదరని పనేం కాదు.

ఆ యూరప్ బండికి అన్ని లక్షలు పోసిన ఆసామిని అడిగి చూడండి. "అది ఫారిన్ స్టైలప్పా" అంటాడు.