లేజరు మోజు

షాఫ్టు తిరగడం ఎవరికైనా కనిపిస్తుంది. తిరుగుతూనే లోలోపల మెలిపడుతుంటే మాత్రం ఎవరికీ కనిపించదు. ఇంజిను సిలిండరులో ఇంధనం మండిన ప్రతిసారీ షాఫ్టు కాస్త ముందుకు దూకి, మళ్ళీ వెనక్కి తగ్గుతుంటుంది. దానికి బేరింగు కదలనక్కర్లేదు కాబట్టి బేరింగు మీద పెట్టిన వైబ్రేషన్ మీటరు ‘అంతా క్షేమం’ అంటుంది. మా డీజిల్ పంపు దగ్గర జరిగిందదే. మీటరేమో క్షేమమంటుంది, ఇంజినుకూ పంపుకూ నడుమనున్న రబ్బరు కప్లింగేమో లోపల ఉడికిపోయి ముక్కలవుతుంటుంది.

‘ఇది టార్షనల్ వైబ్రేషన్’ అని మొదట పసిగట్టింది నేనే. అక్కడితో నోరు మూసుకునుంటే ఈపాటికి శాలువా కప్పేవారు. పరికరం ఎంచే పని కూడా నెత్తినేసుకున్నాను.

కేటలాగులు తిరగేశాను. గేరు పళ్ళను లెక్కపెట్టే మాగ్నెటిక్ పికప్ ఉంది. బోల్టంత లేదు, దాన్ని పట్టుకుని మీటింగులో ఏం మాట్లాడతాం? షాఫ్టు చుట్టూ నలుపు తెలుపు చారల టేపు అంటించి ఆప్టికల్ సెన్సరుతో చదివే పద్ధతి ఉంది. ఇంత చదువూ చదివి టేపులంటించాలా? పేజీ తిప్పగానే దర్శనమిచ్చింది టార్షనల్ లేజర్ వైబ్రోమీటర్! రెండు సమాంతర కిరణాలు షాఫ్టు మీద పడతాయట, వాటి డాప్లర్ మార్పుల తేడాను బట్టి వేగంలో ఒడిదొడుకులు తేలుస్తుందట, షాఫ్టు పక్కకు ఊగినా ఆ ఊగుడు లెక్కలో కొట్టుకుపోతుందట. నిజంగానే గొప్ప పరికరం. తప్పు దానిది కాదు, ముమ్మాటికీ నాదే. బడ్జెట్ నోట్‌లో ‘అత్యవసరం’ అని రాసి కింద గీత కూడా గీశాను.

నవ్వకండి. బట్టలు ఆరేసుకునే ట్రెడ్‌మిల్ ఒకటి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

పెట్టె దిగింది. జనం పోగయ్యారు. పంపు వైపు గార్డు అడ్డం, చోటు లేదు. కిరణం దర్జాగా పడేది ఫ్లైవీల్ పక్కనే. గురిపెట్టాను, గీత దాదాపు చదునుగా వచ్చింది, ‘టార్షనల్ లేదు’ అని అక్కడికక్కడే తీర్పిచ్చాను, రిపోర్టు కొట్టాను, పైకి పంపాను, పరికరం మీద చెయ్యేసి ఫొటో దిగాను, స్టేటస్‌లో పెట్టబోతుంటే ఠప్పుమని కప్లింగ్ పోయింది.

ఫ్లైవీల్ అంటేనే కదలడానికి బద్ధకించే బరువు. మాలాంటి పంపుసెట్టులో ఊగని చోటు, అదే నోడు, దాని దగ్గరే ఉంటుంది. ఊగేదంతా తేలికైన పంపు వైపే. ఊగని చోట గురిపెట్టి ఊగడంలేదని తేల్చాను. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. మోజు ముందు మార్కులెంత?

మా సీనియర్ ఫిట్టరు మెల్లగా అన్నాడు: “సార్, గవర్నరు కోసం ఫ్లైవీల్ పళ్ళ దగ్గర పికప్ ఎప్పట్నుంచో ఉంది కదండీ. పంపు వైపు ఆ చారల టేపేదో వేస్తే రెండింటికీ తేడా తెలిసిపోదాండీ?”

తెలిసిపోతుంది. కప్లింగ్ ఎంత మెలిపడుతోందో ఆ తేడాయే చెబుతుంది. కొత్త కప్లింగ్ వేశాక, పోయిన పరువు దక్కించుకుందామని టేపు నేనే అంటించాను. ఇంజిను వేగం 1500 ఆర్‌పీఎం. స్క్రీను మీద సరిగ్గా 25 హెర్ట్జ్ దగ్గర నిటారుగా ఓ గీత లేచింది. దొరికింది దొంగ అని అరిచి మేనేజరుగారికి ఫోను కలిపాను.

“అది మీరేసిన అతుకండీ,” అన్నాడు పక్కనున్న ఫిట్టరు.

టేపు కొసలు కలిసిన చోట చార వెడల్పు తేడా వస్తే, చుట్టుకోసారి లేని కంపనం ఉన్నట్టు చూపిస్తుందట. ఫోను కట్ చేశాను. అతుకు తప్పు సరిదిద్దాక 12.5 హెర్ట్జ్ దగ్గర బయటపడ్డాడు అసలు దొంగ. అంటే రెండు చుట్లకోసారి. ఫోర్ స్ట్రోక్ ఇంజినులో ఒక్క సిలిండరు సరిగ్గా మండకపోతే వచ్చే లెక్క అదే. ఇంజెక్టరు మార్చారు, కప్లింగ్ బతికింది.

ఇప్పుడు ఎవరు సలహా అడిగినా పెద్దమనిషిలా చెబుతుంటాను: ముందు ఏది విరుగుతోందో చూడండి, ఎక్కడ ఊగుతుందో లెక్కకట్టండి, పరికరం సంగతి ఆ తర్వాత. ఈమధ్య షాఫ్టు మీద 45 డిగ్రీల కోణంలో అతికించే స్ట్రెయిన్ గేజీలు చూశాను. టార్కును నేరుగా కొలిచి వైరు లేకుండా పంపిస్తాయి. మాకు బొత్తిగా అవసరం లేదు. ఊరికే కొటేషన్ అడిగానంతే.