పోపుల డబ్బాలో సౌరకుటుంబం

సూర్యుడి వెలుగు భూమికి చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. మా అమ్మాయి బడిలో విన్న సంగతి నాకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. బుధవారం చెప్పిన సౌరకుటుంబం నమూనా గురించి ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ బయటపెట్టింది. "రేపే ఇవ్వాలి నాన్నా." ఏడో తరగతి పిల్ల.

బజారుకు పరుగెత్తి థర్మకోల్ ఉండలు తొమ్మిది తెచ్చాను.

"తొమ్మిదెందుకు? గ్రహాలు ఎనిమిదే."

మా రోజుల్లో తొమ్మిదే. 2006 ఆగస్టులో ఖగోళ శాస్త్రవేత్తలు ప్రాగ్ నగరంలో చేరి, ఓట్లేసి మరీ ప్లూటో పేరు కొట్టేశారు. తాను తిరిగే దారిని తాను ఊడ్చుకోలేదన్నది దాని మీద నేరం. ఆ లెక్కన మా వీధిలో సగం ఇళ్ళ పేర్లు కొట్టెయ్యాలి.

వత్తులు చేసుకుంటున్న మా అమ్మ, "తొమ్మిదేరా. ప్రతి శనివారం వాటి చుట్టూ తిరిగేదాన్ని, నాకు తెలీదూ?" అంది.

"నీ తొమ్మిదిలో భూమే లేదు బామ్మా! సూర్యుడు నక్షత్రం, చంద్రుడు ఉపగ్రహం. రాహుకేతువులైతే అసలు గోళాలే కావు. ఆకాశంలో చంద్రుడి దారి, సూర్యుడి దారి అడ్డంగా కలిసే రెండు చోట్లు."

"భూమెందుకుంటుందే? దాని మీద నించునేగా మొక్కేది!"

ఆ జవాబులో తప్పేమిటో నాకిప్పటికీ తట్టలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఉండలన్నీ నిమ్మకాయంతే ఉన్నాయి. సూర్యుడి వ్యాసం భూమికి 109 రెట్లుండాలిట. "పుస్తకంలో బొమ్మ చూడు, అంత తేడా లేదుగా" అన్నాను. చూశాం. గ్రహాలన్నీ రేషన్ షాపు ముందు క్యూలో నిలబడ్డట్టు ఒకరి వెనక ఒకరు ఒరుసుకుని ఉన్నాయి. "ఇది ఉత్త అబద్ధం నాన్నా. కొలత ప్రకారం చేద్దాం" అని పోపుల డబ్బా ఎత్తుకొచ్చింది.

భూమి రెండు మిల్లీమీటర్ల ఆవగింజ. సూర్యుడు పక్కింటి కుర్రాడి ఫుట్‌బాల్. శుక్రుడు ఇంకో ఆవగింజ, బుధుడు గసగసం గింజ. "గసగసాలు ఊరికే రావటంలేదు, ఒక్కటే తీసుకోండి" అని మా ఆవిడ వంటింట్లోంచి హెచ్చరించింది. గురుడికి చిన్న ఉసిరికాయ. శనికి ఇంకాస్త చిన్నది, దాని చుట్టూ ఉల్లిపాయ చక్రం. యురేనస్, నెప్ట్యూన్‌లు రెండు శనగలు.

సూర్యుణ్ణి అరుగు మీద పెట్టి, మేస్త్రీ దగ్గర అరువు తెచ్చిన టేపుతో వీధిలో పడ్డాం. బుధుడు 9 మీటర్ల దూరంలో గేటు దాటాడు. భూమి ఇరవై మూడున్నర మీటర్లకి ఎవరిదో ముగ్గులో పడింది. దానికి 6 సెంటీమీటర్ల అవతల అర గసగసమంత చంద్రుడు. మనుషులు రాకెట్లెక్కి వెళ్ళొచ్చిందంతా ఆ 6 సెంటీమీటర్లే. 36 మీటర్ల దగ్గర కరెంటు స్తంభం, కుజుడు. అక్కణ్ణుంచి 122 మీటర్ల దగ్గరున్న ఇస్త్రీ బండి దాకా చెప్పుకోదగ్గ శాల్తీ లేదు. ఉన్నదల్లా గ్రహశకలాల నూక. బండి పక్కన గురుణ్ణి పెట్టి ఇటు తిరిగామో లేదో, మేక వచ్చి నమిలేసింది. పదకొండు భూముల వెడల్పున్న గ్రహం, రెండే నమలింపులు.

శని 224 మీటర్లకి ఒక రిటైరైన పెద్దాయన గుమ్మం ముందు తేలాడు. ఆయన బయటికొచ్చి "ఏమిటమ్మా అది?" అన్నారు.

"శని, తాతగారూ."

"ఏలినాటి శని ఏడున్నరేళ్ళు పడి మొన్ననే బయటపడ్డాను. తియ్యి తియ్యి!"

మా అమ్మాయి వేళ్ళు మడిచింది. "శని ఒక చుట్టు తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు. పన్నెండు రాశులు. రాశికి రెండున్నర చొప్పున మూడింటికి ఏడున్నర. లెక్క సరిపోయింది తాతగారూ!"

"లెక్క తర్వాత, ముందు శనిని జరుపు."

"కక్ష్య గుండ్రం కదండీ, ఎదురు వరసలో పెట్టినా దూరం ఇంచుమించు అంతే" అన్నాను. ఎదురింటివాళ్ళతో ఆయనకి గోడ తగాదా ఉంది. శనిని తన చేత్తోనే తీసుకెళ్ళి వాళ్ళ మెట్టు మీద జాగ్రత్తగా కూర్చోబెట్టి వచ్చారు.

యురేనస్‌ని 451 మీటర్ల దగ్గర వదిలేశాం. బస్టాపు కూడా దాటి, 705 మీటర్ల దగ్గర నెప్ట్యూన్ శనగని నేల మీద పెట్టి వెనక్కి తిరిగాం. ఫుట్‌బాల్ కాదు, మా ఇల్లే కనబడలేదు. మధ్యలో ఉన్నదంతా ఖాళీ వీధి. "దీని తర్వాత నక్షత్రం ఎక్కడ?" అన్నాను. ఇదే కొలతలో 6 వేల కిలోమీటర్ల పైచిలుకుట. పాస్‌పోర్టు లేదని చెప్పి ఇంటికి లాక్కొచ్చాను.

వీధిని బడికి మోసుకెళ్ళలేం గనక, రాత్రి నిమ్మకాయలంత ఉండలకే రంగులేసి క్యూలో అంటించాం. సూర్యుడితో కలిపి సరిగ్గా తొమ్మిదయ్యాయి. అమ్మ నావైపు గెలిచినట్టు చూసింది.

ముగ్గులోంచి ఏరుకొచ్చిన ఆవగింజ మళ్ళీ డబ్బాలో పడింది. అమ్మ చారుకి పోపు పెడుతోంది. "బామ్మా, ఇంకో 500 కోట్ల ఏళ్ళకి సూర్యుడు ఉబ్బిపోయి బుధుణ్ణీ శుక్రుణ్ణీ మింగేస్తాడట. భూమి సంగతే అనుమానంట."

"అంతదాకా ఎందుకే, మూకుడు కాగింది. ఆవాలిటు తే."

ఆవాలు చిటపటలాడాయి. ఒకటి ఎగిరి స్టవ్వు కిందికి పోయింది.

"అదే నాన్నా మనది!" అంది మా అమ్మాయి, వంగి చూస్తూ.