ఎనిమిదో తరగతి, టార్గెట్ 680

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఎక్కడ చూసినా బడిపిల్లల మెడలో ఇప్పుడు రెండు కార్డులు. ఒకటి ఐడీ కార్డు. రెండోది టార్గెట్ కార్డు. మా వీధిలో మగ్గం నేసే ఆయన కొడుకు ఎనిమిదో తరగతి. వాడి కార్డు మీద 'నీట్ 680' అని ఉంది. "ఏమప్పా, 680 ఎందుకు?" అంటే, "సారు రాసిచ్చినాడు మామా" అన్నాడు.

సారు లెక్క గట్టిదే అయ్యుంటుంది. 680 అంటే 180 ప్రశ్నల్లో పది వదిలేసి, మిగిలిన 170 తప్పు లేకుండా రాయడం. వీడింకా త్రైరాశికం దగ్గరే తడబడుతున్నాడు, అది వేరే సంగతి.

2024 నీట్ ఫలితాల్లో ముందు 67 మందికి 720కి 720 వచ్చాయి. వాళ్లలో 44 మంది, ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకు రెండు జవాబులూ ఒప్పుకున్నందువల్ల పైకెక్కినవాళ్లు. సుప్రీంకోర్టు దాకా వెళ్లొచ్చాక మిగిలింది 17 మంది. ఆ ఏడాది 680 తెచ్చుకున్నవాళ్ల ర్యాంకు వేలల్లో పడింది. మరుసటి ఏడాది పేపరు కష్టంగా వచ్చింది, దేశం మొత్తానికి ఫస్టు ర్యాంకు మార్కులే 686! అంటే సారు రాసిచ్చిన అంకె ఒక ఏడాది గవర్నమెంటు సీటుకు ప్రయత్నం, మరో ఏడాది పేపర్లో ఫొటో. వీడు పరీక్ష రాసేనాటికి ఏమవుతుందో పేపరు పెట్టేవాళ్లకే తెలియదు, సారుకు తెలిసింది.

జేఈఈ వాళ్లకైతే '99 పర్సంటైల్'. దేశంలో మిగతా పిల్లలు ఎలా రాస్తారో కూడా సారే చూసుకుంటాడు కాబోలు.

ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో సైతం ఇంజను బిగించకముందే కారుకు మైలేజీ రాసివ్వరు.

వెటకారం చాలు. పదమూడేళ్ల పిల్లాడి మెడలో అంకె వేలాడదీయడం దుర్మార్గం. ఇంటర్ పిల్లల ఆత్మహత్యల మీద 2001లో నీరదారెడ్డి కమిటీ వేశారు, తర్వాత చక్రపాణి కమిటీ. పాతికేళ్లలో మనం సాధించిందేమిటంటే, ఆ ఒత్తిడిని ఆరో తరగతి ఫౌండేషన్ బ్యాచ్‌కి దించడం. పదహారేళ్లు నిండనివాళ్లను చేర్చుకోవద్దని, ర్యాంకుల హామీలు ఇవ్వొద్దని కేంద్రం 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు చెప్పింది. మాది కోచింగ్ కాదు, స్కూలంటారు ఈ కార్డులిచ్చేవాళ్లు. స్కూలైతే ఉండాల్సిన ఆటల పీరియడు మాత్రం ఎప్పుడో పోయింది.

ఈ స్కూళ్లలో నిజంగా లెక్క చూసే టార్గెట్ ఒకటే నాకు కనిపించింది: ఎండల్లో టీచర్లు ఇల్లిల్లూ తిరిగి తేవాల్సిన అడ్మిషన్లు. అవి తక్కువైతే జీతం ఆపేస్తారు.