దీపం సన్నబడితే వాదన లేదు

మా రోజుల్లో బొగ్గుబాయిలో వాదనల్లేవనుకునేరు! బోనస్ మీద వాదన, యూనియన్ మీద వాదన. గాలి విషయంలో మాత్రం ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు. షిఫ్టు మొదలవకముందే, గాలిని పరీక్షించే సర్దార్ సేఫ్టీ ల్యాంపు పట్టుకుని పని జాగాలన్నీ తిరిగేవాడు. మీథేన్ తేలిక, కాబట్టి పైకప్పు దగ్గర చూసేవాడు. కార్బన్ డయాక్సైడ్ బరువు, అందుకని దీపాన్ని నేల దాకా దించేవాడు. మంట సన్నబడితే "నడువుండ్రి బయటికి" అనేవాడు. తట్టా, చెమ్మస్ (పార) అక్కడే పడేసి వచ్చేవాళ్లం. "అదంతా నీ భ్రమ" అని సర్దార్‌తో అన్నవాణ్ని నేను చూడలేదు.

ఇప్పుడో? చాయ్ హోటల్లో మూతి మీద మీసం రాని పిల్లగాడు ఫోన్ నా మొహం మీద పెట్టి, "తాతా, కార్బన్ డయాక్సైడ్ మొక్కలకు తిండి. భూమి వేడెక్కడం అంతా ఉత్తదే" అంటాడు. మొక్కలకు తిండే, ఎవరు కాదన్నారు? చేనుకు నీళ్లు కావాలని చెరువు కట్ట తెంపుకుంటామా?

పోనీ, నిన్నమొన్నటి సంగతా? ఆ గ్యాస్ వేడిని పట్టుకుంటుందని జాన్ టిండాల్ 1859లోనే ప్రయోగం చేసి చూపాడు. అప్పటికింకా మన ఇల్లెందులో బొగ్గు తవ్వకమే లేదు. అది 1889లో మొదలైంది. గాలిలో ఆ గ్యాస్ రెట్టింపైతే భూమి ఎంత వేడెక్కుతుందో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1896లో లెక్క కట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లుండేది. ఇప్పుడు 420 దాటింది. బొగ్గులోని పన్నెండు కిలోల కార్బన్ కాలితే నలభై నాలుగు కిలోల గ్యాస్ వస్తుంది. అది ఎటు పోతుందనుకున్నారు?

అమెరికాలో ఎక్సాన్ చమురు కంపెనీకి సొంత శాస్త్రవేత్తలే 1970ల చివర్లో ఈ మాట చెప్పారు. బయట మాత్రం ఆ కంపెనీ ఏళ్ల తరబడి "ఇంకా తేలలేదు" అంటూ వచ్చింది. మా బాయిలో సర్దార్ రిపోర్టును ఏ మేనేజరైనా అలా దాస్తే కార్మికులు ఊరుకునేవాళ్లా?

అటుపక్క వాళ్లూ తక్కువ తినలేదు. ఏసీ గదిలో కూర్చుని "బాయిలన్నీ రేపే మూసెయ్యండి" అంటారు. నా పెన్షనూ, మా ఊరి అంగళ్ల బేరమూ ఆ బొగ్గువే. అమెరికావాడు తలకు ఏడాదికి సుమారు పద్నాలుగు టన్నుల గ్యాస్ వదులుతుంటే మనవాడు వదిలేది సుమారు రెండు టన్నులు. ముందు ఎవరు తగ్గాలో ఆ లెక్కే చెప్పడం లేదా?

గ్యాస్ వేడి పెంచుతుందా లేదా అన్నది తేలిపోయిన ముచ్చట. ఏ బాయి ఎప్పుడు మూయాలి, అందులో పనోడికి ఏ పని చూపాలి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నవే తేలాల్సినవి. వాటి మీద ఎంతసేపైనా వాదించండి, చాయ్ డబ్బులు నేనిస్తా.