నాలుగు తీశాం, నాలుగు పోశాం

ఏన్కూరు రైతుకు ఆయిల్ గురించి పాఠం చెప్పేంత మొనగాడు ఇంకా పుట్టలేదు. ట్రాక్టరు ఎన్ని గంటలు తిరిగిందో మీటరులో చూస్తాడు, కడ్డీ లాగి తుడిచి మళ్లీ ముంచుతాడు, గీత కిందికి దిగితే పోస్తాడు. చిక్కంతా తల్లాడ–కొత్తగూడెం రోడ్డు మీదికి క్లచ్ పెడల్ లేని కార్లు రావడంతో మొదలైంది. హైదరాబాదు ట్రాఫిక్‌లో లక్ష కిలోమీటర్లు అరిగి, రెండో చేతికో మూడో చేతికో మన దగ్గరికి చేరే ఆ బండ్లలో చాలావాటికి గేర్ ఆయిల్ చూసే కడ్డీయే ఉండదు. కంపెనీవాళ్లు పీకేశారు. అదేమంటే, ఈ ఆయిల్ బండి ఉన్నన్నాళ్లూ ఉంటుంది, మీరు చూడనక్కర్లేదన్నారు.

ఎంత దయ! జర్మనీలో గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థ మాత్రం, తన ఆటోమేటిక్ పెట్టెల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకు, ఆయిల్ మార్చమంటోంది. చేసినవాడు మార్చమంటాడు, కొని కారులో బిగించినవాడు అక్కర్లేదంటాడు. మొదటి యజమానికి ఖర్చు తక్కువని చూపించి కారు అమ్మాలి కదా. లక్షన్నర దగ్గర గేర్లు జారడం మొదలయ్యేసరికి వారంటీ ఉండదు, మొదటి యజమానీ ఉండడు. ఉండేది ఏన్కూరువాడే.

కంపెనీ బొంకును మన వీరుడు పట్టేశాడు. ఇక్కడిదాకా శభాష్. అక్కడితో ఆగలేదు. "ఏముంది బాబాయ్, నాలుగు బోల్టులే కదా, ఇంట్లోనే మార్చేద్దాం" అన్నాడు.

మిర్చి ఆరబోసే పట్టా తెచ్చి కారు కింద పరిచాడు. దాని మీద వెల్లకిలా పడుకున్నవాడికి వీపు దగ్గర మొదలైన మంట కళ్ల దాకా పాకుతుంది, అది వేరే సంగతి. ముందు చక్రాలు జాకీతో లేపి, కింద ఇటుకలు పేర్చాడు. ఇక్కడ మాత్రం వెటకారం పక్కనపెట్టి చెబుతాను: ఇటుక చెప్పకుండా పగులుతుంది, దాని కింద మనిషి ఉంటే ఏ ఆయిలూ అక్కరకు రాదు.

తర్వాత కింది ప్లగ్గు ఊడదీశాడు. పాత ఆయిల్ బకెట్లోకి దూకింది. అప్పుడు గుర్తొచ్చింది, పోసే ప్లగ్గు ఎక్కడని. అది తుప్పుపట్టి రావడంలేదు. పానాకు పైపు తగిలించి ఊగితే తల గుండ్రంగా అరిగింది. ముందు పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూసుకుని తర్వాత కారే దారి తెరవాలని మెకానిక్ దగ్గర చేరిన కుర్రాడికి కూడా తెలుసు. వీరుడికి తెలియనిది అదొక్కటే.

సరే, ఎలాగో ఊడిందనుకుందాం. పెట్టెలో ఎనిమిది లీటర్లుంటే కింది ప్లగ్గులోంచి వచ్చేది మూడో నాలుగో. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ, కూలర్ గొట్టాల్లోనూ, వాల్వుల సందుల్లోనూ దాక్కుంటుంది. మూడేసి లీటర్ల చొప్పున మూడుసార్లు మార్చినా, పాతది ఇంకా పావు వంతు లోపలే తిరుగుతుంటుంది. వీరుడు ఒక్కసారి మార్చి, "మొత్తం కొత్త ఆయిల్" అని ఊరంతా చాటాడు.

అసలు తమాషా కొలత దగ్గర. కడ్డీ లేని పెట్టెల్లో లెవెల్ చూసే పద్ధతి ఇది: కారు నాలుగు వైపులా సమంగా ఉండాలి, ఇంజిన్ నడుస్తుండాలి, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉండాలి. అప్పుడు లెవెల్ చూసే ప్లగ్గు తీస్తే ఎక్కువైనది కారిపోయి, ధార సన్నబడి చుక్కలు పడతాయి. టయోటా బండ్లలో వచ్చే ఐసిన్ పెట్టెలకు ఆ వేడి సుమారు 35 నుంచి 45 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం మన దగ్గర వేపచెట్టు నీడలోనే 44 ఉంటుంది. ఇంజిన్ తాళం తిప్పక ముందే పరీక్ష అంచున ఉన్నాం, తిప్పాక కాసేపటికి తప్పాం. వేడెక్కిన ఆయిల్ ఉబ్బి, కారాల్సినదానికంటే ఎక్కువ కారుతుంది. రేపు చల్లారాక లోపల తక్కువ మిగులుతుంది. పంపు గాలి పీలుస్తుంది, క్లచ్చులు జారి మాడతాయి.

సంక్రాంతి చలిలో తెల్లవారుజామున, స్కానర్‌తో వేడి చూసుకుంటూ, నాలుగు గట్టి స్టాండ్ల మీద చేస్తే ఇంటి దగ్గర కూడా ఈ పని శుభ్రంగా అవుతుంది. కాదనను. కానీ ఆ రోజుల్లో వీరుడు పత్తి ఏరించే హడావిడిలో ఉంటాడు. తీరిక దొరికేది ఎండాకాలంలోనే. స్కానరా? ఆయిల్ పాన్ మీద అరచెయ్యి పెట్టి "గోరువెచ్చగానే ఉంది" అంటాడు. నాలుగు తీశాం, నాలుగు పోశాం, లెక్క సరి. తీయకముందు లోపల ఉన్నది సరిగ్గా ఉందని ఎవరు చెప్పారో మాత్రం అడగకూడదు. కంపెనీ కడ్డీ పీకేసింది, వీరుడికి కడ్డీతో పనే లేదు. ఇద్దరికీ భలే కుదిరింది.

ఇక ఏ ఆయిల్? "ఎర్రది." ఎరుపు కలిపింది కారితే ఇంజిన్ ఆయిల్‌ కాదని గుర్తుపట్టడానికి. అది ఆ ద్రవం గుణం కాదు. అసలు గుణం కోసం 1970ల తొలినాళ్ల దాకా అమెరికాలో ఈ ఆయిల్‌లో తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్చు పలకలు కుదుపు లేకుండా పట్టుకోవడానికి అన్ని పాట్లు పడ్డారు. మనవాడు రంగు చూసి కొంటాడు. సీవీటీ రకం పెట్టెలో పుల్లీల మధ్య నడిచే ఉక్కు బెల్టుకు వేరే ద్రవం కావాలి, మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ (ఏటీఎఫ్) పోస్తే బెల్టు జారుతుంది. మన దేశంలో 2014లో సెలేరియోతో మొదలైన ఏఎంటీ లోపల ఉన్నది అచ్చంగా మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కే పని, గేర్ మార్చే పని మాత్రం యంత్రానివి. అందులో ఎర్ర ఏటీఎఫ్‌కు పనేమిటి?

అవతల ఇంకో వర్గం ఉంది. "పాత ఆయిల్ కదిలిస్తే గేర్‌బాక్స్ చస్తుంది, ముట్టుకోకు" అంటారు. గేర్లు జారడం మొదలయ్యాకే ఆయిల్ గుర్తొచ్చినవాళ్ల అనుభవం అది. ఆఖరి ఘడియల్లో ఆసుపత్రికి మోసుకెళ్లి, డాక్టరే చంపాడన్నట్టు.

బకెట్లో ఉన్న పాత ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల జాబితాలో పెట్టాయి. మన జాబితాలో అది చెదలమందు. కంచె గుంజలకు పూశారు, మిగిలింది బోరు పక్కన పారబోశారు.

రెండు నెలలకు కారు రివర్సులో వణకడం మొదలుపెట్టింది. వీరుడు శుభ్రంగా కడిగించి, టైర్లకు పాలిష్ పెట్టి, అమ్మకానికి పెట్టాడు. బేరానికొచ్చిన జూలూరుపాడు ఆయనకు మొదట చెప్పిన మాట: "గేర్ ఆయిల్ మొన్ననే మార్చాం అన్నా, ఇంక జీవితాంతం చూడనక్కర్లేదు."