ముత్యాల్‌పేట పెరటి బావిని

ముత్యాల్‌పేటలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంటి పెరట్లో ఒరల బావిని నేను. మా పుదుచ్చేరిలో పాలన ఫ్రెంచివాళ్ళ నుంచి మనవాళ్ళ చేతికి వచ్చింది 1954 నవంబర్ 1న. నన్ను తవ్వించింది అంతకు ముందే. ఇక్కడి నేల ఇసుక నేల, నాలుగు మూరలు తవ్వేసరికి అంచు జారిపోతుంది. అందుకని కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దించుకుంటూ పోయారు. ఈ పని ఈ తీరానికి కొత్తేమీ కాదు. ఊరికి దక్షిణాన అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు ఉంది, ఒకప్పుడు రోమనులతో వర్తకం సాగించిన రేవు. అక్కడి తవ్వకాల్లోనూ మట్టి ఒరల బావులు బయటపడ్డాయి. మా కులం అంత పాతదని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

నా ఇంటివాళ్ళు యానాం వాళ్ళు. గోదావరి ఒడ్డున ఎక్కడో ఉన్నా యానానికి రాజధాని ఈ ఊరే. ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళలో పెద్దాయన ఒకరు. ఈ వేసవిలో కోడలు ముందు వాకిలీ, వెనక పెరడూ రెండూ కొత్తగా తీర్చిదిద్దాలని పట్టుబట్టింది. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసుకుని నా చపటా మీద కూర్చుని మామగారికి చూపించింది.

"మావయ్యగారూ, వాకిలంతా సిమెంటు టైల్స్ పరిపించేద్దామండి. వానొస్తే బురద తొక్కే పని ఉండదు. పెరడంతా లాన్. ప్రహరీ పొడుగునా కోనోకార్పస్ పెడితే ఏడాదిలో గోడలా లేస్తాయంట. బావి మీద స్లాబు పోసి పైన చిన్న ఫౌంటెన్ పెడదామండి."

ఆయన వెంటనే కాదనలేదు. "అన్నీ చూద్దాం గానీ అమ్మాయ్, ముందు ఒక బొక్కెన నీళ్ళు తోడి, కాస్త నోట్లో పోసుకుని చెప్పు" అన్నారు.

తోడింది. పుక్కిలించింది. "ఉప్పదనం తగులుతోందండీ."

"మేం వచ్చిన కొత్తలో మీ అత్తయ్య ఈ నీళ్ళతోనే పప్పు వండేది. ఇప్పుడు గంటసేపు పొయ్యి మీద ఉంచినా కందిపప్పు ఉడకదు."

ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నిజం. తీరంలో మంచినీళ్ళు పాల మీద మీగడలా ఉప్పునీళ్ళ పైన తేలుతూ ఉంటాయి. సముద్ర మట్టానికి ఒక్క అడుగు ఎత్తున మంచినీరు నిలబడితే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా ఉప్పునీరు పైకి రాదని ఒక లెక్క. ఆ ఒక్క అడుగూ తగ్గితే కింది 40 అడుగులూ పోతాయి. చుట్టుపక్కల ఇళ్ళలో బోర్లు పడ్డాయి, వీధులకు సిమెంటు వచ్చింది, వాకిళ్ళకు టైల్స్ వచ్చాయి. తోడేది పెరిగింది, ఇంకేది తగ్గింది. ఇప్పుడు ఈ ఇంటి వాకిలి కూడా మూసేస్తే నాకు నీళ్ళు ఎటునుంచి వస్తాయి? కోడలు గీసిన బొమ్మలో పూలున్నాయి, దీపాలున్నాయి, ఊగుడు బల్ల ఉంది. వాన ఎక్కడ పడుతుంది, ఎటు పారుతుంది, ఎక్కడ ఇంకుతుంది అన్నది లేదు. ఏ తోటకైనా ముందుగా గీయాల్సిన గీత అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ ఊరికి ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు. భారతీ పార్కు నడిమధ్య తెల్లని ఆయి మండపం ఉందే, ప్రభుత్వ చిహ్నం మీద ఉన్నదీ అదే. దాని వెనక ఒక కథ చెబుతారు. మన శ్రీకృష్ణదేవరాయలు ఈ దారిన వెళ్తూ, దీపాలతో వెలిగిపోతున్న ఒక మేడను చూసి గుడి అనుకుని దండం పెట్టాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి, పడగొట్టమని ఆజ్ఞ ఇచ్చాడట. ఆమె తన ఇంటిని తానే పడగొట్టి, ఆ చోట జనం కోసం చెరువు తవ్వించిందట. తర్వాత ఎన్నో ఏళ్ళకు, మూడవ నెపోలియన్ కాలంలో, ముత్తిరపాళయం నుంచి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చినప్పుడు ఆమె పేర ఈ మండపం కట్టారు. రాయలు నిజంగా వచ్చాడా రాలేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఒక తోట మధ్యలో, రాజుకో సేనానికో కాకుండా నీళ్ళిచ్చిన ఆడమనిషికి మండపం కట్టిన ఊరు ఇది. పెద్దాయన ఈ కథ చెప్పినప్పుడు కోడలు కాగితం మడిచి పక్కన పెట్టింది. నాకు ఎంత ప్రాణం లేచొచ్చిందో!

మర్నాడు మేస్త్రి వచ్చాడు. తమిళంలో అతను, వచ్చీరాని తమిళంలో కోడలు, ఇద్దరూ మాట్లాడుకుంటూ మేడ కొలిచారు. సుమారు వెయ్యి చదరపు అడుగులు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్లకు పైమాటే. 2024 నవంబర్ 30న ఫెంగల్ తుపాను తీరం దాటినప్పుడు ఈ ఊళ్ళో ఒక్కరోజులో సుమారు 46 సెంటీమీటర్లు కురిసింది. ఈ ఒక్క మేడ మీదే 40 వేల లీటర్లు దాటి పడి ఉంటాయి. అవన్నీ గొట్టంలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి పోయాయి. వీధిలో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. మూడు నెలలు తిరిగేసరికి నా నీళ్ళు మళ్ళీ ఉప్పెక్కాయి.

ఆమె రెండో కాగితం తీసింది. వాకిట్లో కారు చక్రాలు నడిచేంత మేర రెండు రాతి పట్టీలు, మిగతాదంతా గులకరాయి, మొక్కల మళ్ళు. నేల వాలు వీధి వైపు కాకుండా మళ్ళ వైపు. మేడ గొట్టం కంకర, ఇసుక, బొగ్గు వేసిన వడపోత గుంటలోంచి నాలోకి. సెప్టిక్ ట్యాంకు ముందు వాకిట్లో ఆ చివరన ఉందని రూఢి చేసుకున్నాకే ఆ గీత గీసింది. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

మొక్కల దగ్గర చాలాసేపే పట్టింది. ఇంటి ముఖం తూర్పుకి, ఉప్పుగాలి నేరుగా వచ్చి తగులుతుంది. గులాబీలు నిలబడవు. గన్నేరు, నందివర్ధనం, గేటు మీదికి కాగితపు పూల తీగ సరిపోతాయి. ఆ తీగను 1767లో బ్రెజిల్ తీరంలో చూసి దాని సంగతి లోకానికి చెప్పింది బూగన్‌విల్ యాత్రాబృందంలో వెళ్ళిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కొమెర్సన్. ఈ ఊరి గోడలకు దానితో చుట్టరికం ఉన్నట్టే. కోనోకార్పస్ మాత్రం వద్దే వద్దన్నారు పెద్దాయన. గుజరాత్, తెలంగాణ ప్రభుత్వాలే నాటొద్దన్న చెట్టు, పైగా దాని వేళ్ళు నీటి జాడ పట్టుకుని ఎంత దూరమైనా వస్తాయి. దాని బదులు పెరట్లో పడమటి ఎండకు అడ్డంగా ఒక పొన్న, ఒక గంగరావి. అక్కడ ఒకప్పుడు పెద్ద వేపచెట్టు ఉండేది. 2011 డిసెంబర్ 30న థానే తుపాను దాన్ని నా గట్టు పక్కనే పడగొట్టింది. అప్పటినుంచీ ఆ చోటు బోడిగానే ఉంది. కూలిన చెట్టు నీడ ఎంత చల్లగా ఉండేదో నాకు తెలుసు కాబట్టి ఈ రెండు పేర్లూ వినగానే సంతోషించాను.

లాన్ మీద మాత్రం ఇద్దరికీ కుదరలేదు. వేసవిలో చదరపు మీటరు గడ్డికి రోజుకు 5 లీటర్ల దాకా కావాలి. "పిల్లాడు ఆడుకోవాలి కదండీ" అని ఆమె. చివరికి పిల్లాడు దొర్లేంత జాగాలో గడ్డి, మిగిలిన చోట కరివేపాకు, మునగ, వంటింటి తూము దగ్గర అరటి. నాకైతే ఆ కాస్త గడ్డి మీదా అభ్యంతరం లేదు. పిల్లాడి నవ్వు నా నీళ్ళ దాకా వినిపిస్తుంది.

"ఆషాఢంలో నాటేద్దాం" అన్నారు ఆయన, గోదావరి అలవాటుకొద్దీ. ఇక్కడ నేల బాగా తడిసేది ఈశాన్య రుతుపవనంలో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. జూలైలో నాటిన మొక్కను రెండు మూడు నెలలు నేను పోషించాలి, అక్టోబర్‌లో నాటిన మొక్కను ఆకాశమే పోషిస్తుంది. మేస్త్రి ఆ మాటే చెప్పాడు, ఆయన ఒప్పుకున్నారు.

స్లాబు సంగతి ఎత్తలేదు ఎవరూ. నా మీద ఇనుప జాలీ బిగిస్తారట, పిల్లాడి భయం లేకుండా, గాలి ఆడేలా. కోడలు మేస్త్రితో చివరిగా అడిగింది ఒకటే: గొట్టానికి ఒక వాల్వు పెట్టమని. ఏడాది పొడుగునా మేడ మీద చేరిన దుమ్మూ, కాకి రెట్టా తొలి వానకు కడుక్కుపోయాక, రెండో వాన నుంచి నాలోకి వదులుతుందట.